చేతులు కట్టుకుని రాసిన పరీక్ష

2024 జూన్‌లో బడులు తెరిచిన మొదటి వారం. సిద్దిపేటలోని ఒక ప్రైవేటు స్కూల్లో నర్సరీ నుంచి యూకేజీ దాకా ఉన్న చిన్నపిల్లల విభాగానికి నేను ఇన్‌చార్జిని. ఆ వారం మా దగ్గర ఎలా ఉంటుందో చూసినవాళ్లకే తెలుస్తుంది. ఒక పిల్ల గేటు పట్టుకుని వేలాడుతుంది, ఇంకొకడు బూటు తీసి విసిరేస్తాడు, వాళ్లను చూసి అప్పటిదాకా నవ్వుతున్నవాళ్లంతా గొంతెత్తుతారు. సరిగ్గా ఆ గోలలో మా కరస్పాండెంట్ సార్ నన్ను పిలిచి, "ఇందిర మేడం, ఈ యేడు సంది అసిస్టెంట్ టీచర్లకు పరీక్ష పెడ్తున్నం" అన్నారు. ఇంతకన్నా మంచి ముహూర్తం ఏ పంతులూ పెట్టలేడు అనుకున్నాను.

అసిస్టెంట్ టీచర్ అంటే ఏమిటో ముందు చెప్పాలి. చిన్న తరగతుల్లో పాఠం చెప్పే ఆమెను మదర్ టీచర్ అంటారు. ఆమె బోర్డు దగ్గర ఉంటే అసిస్టెంటు పిల్లల మధ్య ఉంటుంది. పెన్సిలు పట్టుకోవడం రానివాణ్ని, కుర్చీలోంచి కిందికి జారిపోయేవాణ్ని, మూలకు కూర్చుని గోడతో మాట్లాడే పిల్లను పట్టించుకునేది ఆమే. ఆయమ్మ పని వేరు. బాత్రూముకు తీసుకెళ్లడం, కడగడం, తుడవడం, ఊడవడం. బయటివాళ్లకు ఇద్దరూ ఒక్కలాగే కనబడతారు. లోపల మాత్రం తేడా ఉంది. అసిస్టెంటును పిల్లలు టీచర్ అని పిలుస్తారు, ఆయమ్మను ఆయమ్మ అని పిలుస్తారు.

కొత్త నిబంధన ప్రకారం అసిస్టెంటుకు ఇంటర్ ఉండాలి. ఇదివరకే పనిచేస్తూ ఇంటర్ లేనివాళ్లు నైపుణ్య పరీక్ష పాసై, ఓపెన్ స్కూల్లో ఇంటర్ పూర్తి చేస్తామని రాసిస్తే కొనసాగవచ్చు. పరీక్షకు ఒక్కటే అవకాశం. తప్పితే ఆయమ్మగా చేయాలి, లేదా మానుకోవాలి. నాకు ఈ నిబంధనలో పెద్ద తప్పేమీ కనబడలేదు. చిన్నపిల్లలను చూసుకోవడానికి చదువెందుకు, ఓపిక ఉంటే చాలదా అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఓపిక ఉంది కదా అని ఎవరి చేతికైనా బస్సు స్టీరింగ్ ఇస్తామా?

పరీక్ష మూడు భాగాలు. ఒకటి చదవడం, రాయడం, చిన్న లెక్కలు. రెండోది భద్రత. పిల్ల గొంతులో ఏదైనా అడ్డం పడితే ఏం చేస్తావు, పిల్లను తీసుకుపోవడానికి తెలియని మనిషి వస్తే ఏం చేస్తావు, ఇలాంటి ప్రశ్నలు. మూడోది డెమో, అంటే చేసి చూపించడం. ఒక పిల్లను అప్పగిస్తాం, ఆ రోజు తరగతి పని ఆ పిల్లతో చేయించాలి. ఇద్దరు పరీక్షకులు వెనక కూర్చుని విడివిడిగా మార్కులు వేస్తారు. ఇద్దరి దగ్గరా పాసవ్వాలి. ఆ ఇద్దరిలో ఒకదాన్ని నేను. రెండో ఆయన నర్సింలు సార్, ప్రభుత్వ బడిలో హెడ్మాస్టరుగా చేసి రిటైరైన మనిషి, మా కరస్పాండెంట్‌కు చిన్నప్పటి సారు. మార్కుల షీటు ఆయనే తయారుచేశారు. అందులో అన్నిటికన్నా ఎక్కువ మార్కులున్న గడి 'పని పూర్తి'.

ఇంటర్ లేని అసిస్టెంటు మా విభాగంలో ఒక్కతే, లావణ్య. సిద్దిపేటలోనే నేతపని చేసుకునే ఇంటి పిల్ల. ఇంటర్ మొదటి సంవత్సరంలో పెళ్లయింది, చదువు ఆగిపోయింది. భర్త భీవండిలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు, పండుగలకు వస్తాడు. మనిషి చురుకు. ఏడ్చే పిల్లను చంకనేసుకుందంటే ఏడుపు ఆగిపోవాల్సిందే. తల్లిదండ్రులు గేటు దగ్గర నన్ను దాటి ఆమెకు నమస్కారం పెట్టేవాళ్లు. నాకేం కుళ్లు లేదు గాని, అది నిజం.

నోటీసు పెట్టిన రోజే నా గదికి వచ్చింది.

"మేడం, ఫెయిలయితే ఏమైతది?"

"ఆయమ్మగ చేస్తవ్."

"నా బిడ్డ ఈ బడిలనే రెండో తరగతి. మా అమ్మ టీచరని క్లాసందరికి చెప్పుకున్నది. రేపు నేను చీపురు పట్టుకొని దాని క్లాసు ముంగటికెల్లి వోతే దాని మొకం ఎట్లుంటది మేడం?"

"చీపురు పట్టుకునుడు తప్పు పనా?"

"తప్పని ఎవరన్నరు? నాకు ఈ పని వచ్చు. వచ్చిన పనిల నుంచి తీసేస్తే నొయ్యదా?"

బాగా చదువుకో, పో అన్నాను.

మొదటి రెండు భాగాలూ లావణ్య చక్కగా దాటింది. డెమోకు ఎల్‌కేజీలోని మన్వితను అప్పగించాం. నంగునూరు నుంచి వ్యాన్‌లో వచ్చే పిల్ల. ఇంట్లో నానమ్మ గారాబం. అన్నం నోట్లో పెట్టాలి, బూటు కాలికి తొడగాలి. రాయమంటే తన పిడికిలి తెచ్చి మన చేతిలో పెట్టేది. పెన్సిలు దాని చేతిలోనే ఉంటుంది, రాసేది మాత్రం మనం. ఆ రోజు పని ఒక వరుస ఇంగ్లీషు టీ అక్షరాలు. చిన్నపిల్లలకు అక్షరానికి ముందు గీతలు నేర్పుతాం. నిలువు గీతను స్టాండింగ్ లైన్ అంటాం, అడ్డ గీతను స్లీపింగ్ లైన్ అంటాం. నిలబడ్డ గీత నెత్తిన పడుకున్న గీత పెడితే టీ.

మన్విత పిడికిలి చాచింది. లావణ్య పట్టుకుంది. "స్టాండింగ్ లైన్... స్లీపింగ్ లైన్... శభాష్ నా బంగారం!" వరుస చివరిదాకా అచ్చుగుద్దినట్టు టీలు పడ్డాయి. నర్సింలు సార్ వంగి ఇదేం రంగు పెన్సిలు అని పిల్లను అడిగారు. పిల్ల నోరు తెరిచేలోపు లావణ్య, "ఎరుపు అను బిడ్డా, ఎరుపు" అంది. పిల్ల "ఎరుపు" అంది. సార్ మురిసిపోయారు. గంట కొట్టకముందే పని అయిపోయింది, పిల్ల నవ్వుతోంది, కాగితం ముత్యాల్లా ఉంది. ఆయన షీటులో అన్ని గడులూ నిండాయి.

నేను ఫెయిల్ చేశాను.

"ఏందమ్మా ఇది?" సార్ నిజంగానే కోపగించుకున్నారు. "పిల్ల ఏడ్వలే, పని ఆగలే, ఇంకేం గావాలె?"

"పిల్ల ఏం జేసింది సార్? పెన్సిల్ మోసింది. రాసింది లావణ్య. జవాబు చెప్పింది గూడ లావణ్యనే."

"చిన్నపిల్లలకు గట్లనే రాపిస్తరు. మనమందరం గట్ల నేర్చుకున్నోళ్లమే."

"ఎన్ని రోజులు సార్? ఆ పిల్ల నిరుడు నర్సరీల గూడ పిడికిలే చాపింది."

ఇద్దరం తగ్గలేదు. ఇద్దరి దగ్గరా పాసవ్వాలనేది నిబంధన కాబట్టి లావణ్య ఫెయిలైంది. మా స్టాఫ్‌రూములో ఆ సాయంత్రం నన్ను చూసి మాటలు ఆపేశారు. అందరికీ నచ్చిన మనిషిని నేనొక్కదాన్నే తప్పించాను కదా.

లావణ్య ఏడ్చుకుంటూ వస్తుందనుకున్నాను. కోపంగా వచ్చింది.

"నేనేం తప్పు జేసిన మేడం? వర్గల్ సరస్వతమ్మ గుడిల అక్షరాభ్యాసంనాడు అయ్యగారు చెయ్యి పట్టుకునే గదా రాపిస్తడు? అమ్మోరి ముంగటనే చెయ్యి పట్టి రాపియ్యంగ లేనిది, నేను పట్టుకుంటే తప్పయిందా?"

నిజం చెప్పొద్దూ, ఆమె అన్నదాంట్లో అబద్ధం లేదు. మా ప్రాంతంలో సగం మంది పిల్లల మొదటి అక్షరం వర్గల్ గుడిలోనే పడుతుంది. తల్లి ఒళ్లో పిల్ల, పలక మీద బియ్యం, ఆ బియ్యంలో పిల్ల వేలు పట్టి రాయించే పెద్ద చేయి. నా బిడ్డకూ అలాగే చేయించాను. చేయి పట్టకుండా చదువు మొదలవుతుందని ఇక్కడ ఎవరికీ తోచదు.

"అయ్యగారు ఒక్కరోజే పట్టుకున్నడు లావణ్యా," అన్నాను. "రెండో రోజు మీ ఇంటికి వచ్చిండా?"

ఆమె కోపం తగ్గలేదు గాని, తలుపు దాకా వెళ్లి ఆగింది. "పిల్ల ఏడుస్తుంటే చేతులు కట్టుకొని సూడాల్నా?"

"సూడాలె. అదే నీ పని."

"గది నాతోని కాదు."

"కాకపోతే ఆయమ్మగ చెయ్. నీకు వచ్చిన పని అంటివి గదా, ఇంక రాలే."

కటువుగానే అన్నాను. ఆమె వెళ్లాక నాకూ నిద్రపట్టే పరిస్థితి లేదు. ఇంత పిల్లల మనసు తెలిసిన మనిషిని, ఎవరూ నేర్పని విషయంలో ఫెయిల్ చేసి చీపురు చేతికిస్తే రేపు ఎల్‌కేజీలో ఎవరిని పెట్టాలి? ఇంటర్ సర్టిఫికెట్ పట్టుకుని, పిల్ల ముక్కు కారితే మొహం తిప్పుకునే వాళ్లనా? మర్నాడు కరస్పాండెంట్ సార్ దగ్గరికి వెళ్లి రెండో అవకాశం అడిగాను. ఆయన వింతగా చూశారు. "ఫెయిల్ చేసింది మీరే, మళ్ల అడుగుతుంది మీరేనా?" కందకు లేని దురద కత్తిపీటకెందుకు అన్నట్టుంది ఆయన చూపు. "నేర్పకుండ పరీక్ష పెట్టినం సార్. ఒక నెల నాకియ్యండి. మళ్ల ఫెయిలయితే నేనే ఆర్డర్ టైపు జేసి తెస్తా" అన్నాను. ఒప్పుకున్నారు. ఇదే ఆఖరు అని గట్టిగా చెప్పి మరీ ఒప్పుకున్నారు.

ఆ నెల మా ఇద్దరికీ నరకమే. మా పనిలో ప్రాంప్ట్ అనే మాట ఉంది, అంటే అందింపు. పిల్లకు పని రాకపోతే మొదట మాటతో అందించాలి, తర్వాత వేలితో చూపించాలి, ఆ తర్వాత పక్కన మనం చేసి చూపించాలి. చేయి పట్టడం అన్నిటికన్నా చివర. పట్టినా, రోజురోజుకూ పట్టు వదులు చేస్తూ పోవాలి. వినడానికి ఇంతే. చేయడానికి లావణ్య చేతులు వినేవి కావు. మన్విత పిడికిలి కనబడితే చాలు, ఆమె చేయి దానంతటదే లేచేది. "లావణ్యా!" అని నేను వెనక నుంచి అరిచేదాన్ని. చివరికి చేతులు కట్టుకుని కూర్చోమన్నాను. చిన్నపిల్లలకు వేసే శిక్ష పెద్దమనిషికి వేసినట్టయింది. పిల్లలు కూడా చూసి నవ్వారు.

దానికి తోడు మన్విత నానమ్మ ఒకరోజు నంగునూరు నుంచి బస్సెక్కి వచ్చింది. కొంగు నడుముకు చెక్కుకుని నేరుగా తరగతిలోకే వెళ్లింది.

"ఇదివరకు మా పిల్ల మంచిగ రాసేది. ఇప్పుడు ఉత్త కాగితం తెస్తుంది. మీరేం రాపిస్తలేరా?"

"రాపిస్తలేమమ్మా," అన్నాను. "అదే రాయాలె."

"అది పసిపిల్ల! అదెట్ల రాస్తది?"

లావణ్య నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చేయి పట్టుకుంటే నేను ఫెయిల్ చేస్తాను, పట్టుకోకపోతే తల్లిదండ్రుల దగ్గర మాట పడుతుంది. అయినా ఆ ముసలామె పక్కన నేల మీద కూర్చుని, "జర కొన్ని దినాలు ఓపిక పట్టు పెద్దమ్మా. నీ మనుమరాలికి చెయ్యిలేదా ఏంది? మస్తు బలమున్నది, నన్ను గిచ్చుతది" అంది. ముసలామె నవ్వింది గాని, కాగితం మాటకు మాత్రం సమాధానపడలేదు. గొణుక్కుంటూనే బస్సెక్కింది.

ఆ మధ్యాహ్నం టిఫిను డబ్బాలు సర్దుతూ లావణ్య తనంతట తానే చెప్పింది. "చిన్నప్పుడు మా అవ్వ నాకు నూలు కండెలు చుట్టుడు నేర్పింది మేడం. రాట్నం తిప్పుతుంటే పోగు పుటుక్కున తెగేది. అతుకెయ్యే అవ్వా అని ఇస్తే తీస్కోకపోయేది. చేతులు ఒళ్లె పెట్టుకొని కూసునేది. ఎంత తిట్టుకున్ననో."

"నేర్చుకున్నవా మరి?"

"నేర్చుకున్న. తిట్టుకుంటనే."

ఆ తర్వాత నేను చేతులు కట్టుకోమని చెప్పాల్సిన అవసరం తగ్గింది. పూర్తిగా పోయిందని చెప్పను.

రెండో పరీక్షకు పిల్లను మార్చడానికి నర్సింలు సార్ ఒప్పుకోలేదు. "అదే పిల్ల, అదే అక్షరం. ఏం మారిందో తెల్వద్దా?" న్యాయమైన మాటే. మన్విత వచ్చి కూర్చుంది. పెన్సిలు తీసుకుంది. పిడికిలి చాచింది.

లావణ్య చేతులు కట్టుకుని పక్కన నేల మీద కూర్చుంది. "స్టాండింగ్ లైన్ ఎట్లుంటది మన్వితా? లేచి నిలవడి సూపియ్." పిల్ల లేచి నిలబడింది. "స్లీపింగ్ లైన్?" బల్ల మీద తల వాల్చింది. "ఆఁ, గదే. ఇప్పుడు కాగితం మీద నిలవెట్టు." పిడికిలి మళ్లీ వచ్చింది. లావణ్య తన పలక మీద ఒక గీత గీసి చూపించి, మళ్లీ చేతులు కట్టుకుంది. పిల్ల మూతి వంకర పెట్టింది. తర్వాత ఏడుపు. లావణ్య కళ్లల్లో నీళ్లు తిరిగాయి, పళ్లు బిగించుకుంది. "నేనీడనే ఉన్న బిడ్డా. ఏడికి పోను. నువ్వు గియ్యి." నాకే లేచి వెళ్లి ఆ చేయి పట్టుకుందామా అనిపించింది. సార్ వాచీ చూసుకుంటున్నారు.

ఏడుపు మధ్యలో పిల్ల కోపంతో పెన్సిలు కాగితానికి గుచ్చి కిందికి లాగింది. గాలికి ఒరిగిన గుంజలా ఒక గీత పడింది. పిల్ల ఏడుపు ఆపి దాన్ని చూసింది. "అగో, నిలవడ్డది!" అంది లావణ్య. పిల్ల ముక్కు తుడుచుకుని, నాలుక బయటపెట్టి, అడ్డంగా ఇంకో గీత గీసింది. అది నెత్తిన పడలేదు, నడుం దగ్గర పడింది. గంట మోగింది.

వరుసంతా ఖాళీ. ఒకే ఒక్క అక్షరం.

నర్సింలు సార్ కళ్లజోడు సర్దుకున్నారు. "ఇది టీ గాదు, కూడిక గుర్తు," అని 'పని పూర్తి' గడిలో సున్నా పెట్టారు. నేను పాస్ వేశాను. ఆయన లెక్క ప్రకారం లావణ్య ఫెయిలు. పోయిన నెల నేను, ఈ నెల ఆయన. ఆర్డర్ టైపు చేసి తెస్తానని మాటిచ్చింది నేనే. లావణ్య లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

షీటుకు జతచేయడానికి సార్ చేయి చాచారు. "కాగితం ఇయ్యి బిడ్డా."

మన్విత కాగితాన్ని గుండెకు హత్తుకుంది. "ఇయ్య. నాది."

"మల్ల ఇస్త తల్లీ, సూసి ఇస్త."

"నాది!"

చాక్లెట్ ఇస్తానన్నారు. చాక్లెట్ తీసుకుంది, కాగితం ఇవ్వలేదు. ఆయన మెల్లగా అంచు పట్టుకుని లాగబోతే మొదటి వారంలో బూటు విసిరినవాడికన్నా గట్టిగా అరిచి, లావణ్య చీర కుచ్చిళ్ల వెనక దాక్కుంది. సార్ చాచిన చేయి అలాగే ఉండిపోయింది.

"పోయినసారి కాగితం నాకెట్ల వచ్చింది ఇందిరమ్మా?" అన్నారు.

"అడగకముందే మీ ముంగట పడేసి ఆటకు ఉరికింది సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలారు. "సర్వీసంత పిల్లల కాడ పేపర్లు గుంజుకున్న. టైము సాలలే సార్ అని ఏడ్సినోళ్లను సూసిన. నాది, ఇయ్య అని ఏడ్సిన పిల్లను మాత్రం సూడలే." పెన్ను తీసి సున్నా కొట్టేశారు. దాని పక్కన మార్కు వేసి, కింద చిన్న అక్షరాలతో సంతకం పెట్టారు. పెద్దమనిషి. ఆ వయసులో తన గడిని తనే కొట్టేయడం ఎంత కష్టమో నాకు తెలుసు.

లావణ్య పాసైందని చెబితే సంతోషంతో ఎగురుతుందనుకున్నాను. కుర్చీలో కూలబడి మోచేతులు ఒత్తుకుంది. "నా చేతులు గుంజుతున్నయ్ మేడం. రోజంత బట్ట నేసినా గింత గుంజవు." తర్వాత కొంగులో మొహం పెట్టుకుని బాగా ఏడ్చింది. నేనూ ఆపలేదు. ఓపెన్ స్కూల్ ఇంటర్‌కు ఫీజు కట్టింది, రాస్తోంది. ఆమె ఇప్పుడూ మా ఎల్‌కేజీలో టీచరే.

ఫైలు చూసిన కరస్పాండెంట్ సార్, "డెమో పేపర్ ఏది?" అని అడిగారు. "పిల్ల ఇంటికి తీస్కపోయింది సార్" అన్నాను. ఆయన తల ఎత్తి చూసి, ఇంకేమీ అడగకుండా సంతకం పెట్టారు.

అప్పటినుంచి అసిస్టెంట్ల పరీక్షలో మేం 'పని పూర్తి' గడి తీసేశాం. ఇంటర్ ఉన్నవాళ్లకూ, డిగ్రీ ఉన్నవాళ్లకూ అదే డెమో పెడుతున్నాం. అందరూ బాగా రాయిస్తారు, చక్కటి ఇంగ్లీషు మాట్లాడతారు. నేను మాత్రం ఆఖర్న చేయి చాచి పిల్లను కాగితం అడుగుతాను. వెంటనే ఇచ్చేసిందంటే, ఆ అసిస్టెంటుకు ఇంకో నెల నేర్పాలని నాకు అర్థమవుతుంది.